మసక వెలుతురుకు తగిన కెమేరా

ఫొటోగ్రఫీ కళకు చేసిన విశిష్ట సేవలకు గుర్తింపుగా, భౌతికశాస్త్రం లెక్చరర్ హరిచరణ్‌ను మొన్న శ్రీకాకుళంలో ఘనంగా సన్మానించారు. అతను ఇంతవరకు ఒక్క ఫొటో కూడా తీయలేదన్న సంగతిని వక్తలందరూ ప్రత్యేకించి కొనియాడారు.

కొన్నేళ్ల కిందట ఓ సాయంత్రం ఆమదాలవలస స్టేషన్లో, చంకలో కోడిపుంజుతో ఓ ముసలావిడ కదిలే రైలెక్కడం అతను చూశాడు. మసక వెలుతురు, పరుగు, పుంజు రెక్కల టపటప. ఫోను బయటికి తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. అంతటి దృశ్యాన్ని ఫోనుతో తీయడమంటే దాన్ని అవమానించడమే. సరైన కెమేరా కొనాలని ఆ ప్లాట్‌ఫారం మీదే నిశ్చయించుకున్నాడు.

అది చీకట్లో చూడగలగాలి, పరుగెత్తేవాణ్ని పట్టుకోగలగాలి, ప్రయాణంలో జేబులో ఇమడాలి. చీకట్లో చూసేది జేబులో పట్టదు. జేబులో పట్టేది పుంజు ఎగిరిపోయాక గాని తేరుకోదు. మూడు గుణాలూ ఉన్నది వచ్చే నెల విడుదలవుతుందని వీడియోలు చెబుతాయి. ఆ నెల రాగానే, దాన్ని తలదన్నేది పై నెల వస్తోందని అవే చెబుతాయి. తొందరపడి కొన్నవాళ్లను చూసి హరిచరణ్ జాలిపడేవాడు.

ఇలాంటి వివేకవంతులంతా కలిసి ఓ సంఘం పెట్టుకున్నారు. గిరిబాబు అధ్యక్షుడు. నాగబాబు అనే సభ్యుడు ఆవేశంలో కెమేరా కొనేసి, ఫొటోలు తీసుకుంటూ సమావేశాలకు రావడం మానేశాడు. క్రమశిక్షణ చర్యగా అతని సభ్యత్వం రద్దు చేశారు. మిగిలినవారు ఆదివారాలు చేపల బజారుకు వెళ్లి, వేళ్లతో చతురస్రం పట్టి అందులోంచి చూస్తూ సాధన చేసేవారు.

"ఏటి బాబూ, ఒట్టి సేతుల్లోంచి సూత్తన్నావు? సేపలు కావాలేటి?" అనడిగింది చేపలమ్మే గున్నమ్మ.

హరిచరణ్ ఆమెకు లెన్సు తత్వం వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, శాకాహారి అయిన అతనికి ఓ వంజరం అంటగట్టింది.

అతని మామగారు రామతీర్థం దగ్గర ఓ గుడిలో జీవితమంతా సన్నాయి వాయించారు. ఊపిరి చాలక ఈ ఏడు విరమించుకున్నారు. చివరి రోజు సాయంత్రం హారతి వేళ తాను వాయిస్తుండగా ఒక్క ఫొటో తీయమని అల్లుణ్ని కోరారు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన అల్లుణ్ని కోరింది అదొక్కటే.

హరిచరణ్ బాధ్యతగా ముందే గుడికి చేరుకుని, నూనె దీపాల వెలుతురును నలువైపుల నుంచీ అంచనా వేశాడు. ఆ వెలుతురుకీ, ఆ వేళ్ల వేగానికీ న్యాయం చేసే కెమేరా ప్రస్తుతం బజారులో లేదని నిర్ధారణకు వచ్చి, "వచ్చే నెల ఒకటొస్తోంది మావయ్యగారూ" అన్నాడు.

"వచ్చే నెలకి నాకీ ఊపిరుండదు బాబూ," అని ఆయన సన్నాయి పెదవులకు ఆనించుకున్నారు.

పక్కనే ఉన్న అతని భార్య హైమవతి ఒకడుగు ముందుకు వేసింది. తన ఫోను పైకెత్తి, తండ్రి కేసి గురిపెట్టి నొక్కింది.

ఫొటోలో దీపాలు అలుక్కుపోయాయి, వేళ్లు చెదిరిపోయాయి. నిండిన బుగ్గలు, మూసుకున్న కళ్లు మాత్రం నిలిచాయి. పెద్దాయన దాన్ని చాలాసేపు చూశారు.

"అచ్చం మా నాన్నలాగున్నాను," అన్నారు. "ఆయన ఫొటో ఒక్కటీ లేదు మనకి."

హరిచరణ్‌కు కళ్లు చెమర్చాయి. అవి తుడుచుకోగానే, ఫొటోలోని నీడల్లో చుక్కలున్నాయని గమనించాడు.

ఆ ఫొటోను సంఘం కూలంకషంగా చర్చించింది. బాగుందనీ, అయితే ఫోనుతో తీసినందువల్ల బాగుండకూడదనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. సన్మాన సభలో మాత్రం దాన్నే పెద్దది చేయించి వేదిక వెనక కట్టారు. సంఘం దగ్గర వేరే ఫొటో లేదు.

"ఫొటో ఎవరైనా తీస్తారు," అన్నారు గిరిబాబు శాలువా కప్పుతూ. "ఉత్తమమైన ఫొటో కోసం ఇన్నేళ్లు ఏదీ తీయకుండా నిగ్రహించుకోవడం, అదీ తపస్సు."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సభ ముగిశాక జనం హైమవతిని చుట్టుముట్టారు. అది ఏ ఫోను, ఎక్కడ కొన్నారు, రాత్రిపూట బాగా పడుతుందా అని అడిగారు. ఆమె అందరికీ ఓపిగ్గా చెప్పింది. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన పేరేమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంతవరకూ చదువుకుంటూ వచ్చిన తమరూ అడగలేదు.