అయిపోయింది సార్

శనివారం పొద్దున ఓబులేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకు బొమ్మనహళ్ళి కుట్టుమిషన్ల షెడ్డులోంచి బయటపడాలి, బండెక్కాలి, సాయంత్రానికల్లా దొడ్డబళ్ళాపురంలో మరదలి నిశ్చితార్థానికి చేరుకోవాలి. అంతే. లోకాన్ని జయిస్తానని అనలేదు పాపం. కానీ బావమరిది పెళ్ళికీ, మామగారి షష్టిపూర్తికీ కూడా ఇదే పథకం వేసుకుని, రెండింటికీ చేరలేకపోయిన మనిషి. అందుకే భార్య శశికళ ముందురోజు పుట్టింటికి వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఈసారి నువ్వు రాకపోతే నేనూ తిరిగి రాను, చూసుకో" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆమె ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు.

ఓబులేష్ ఆ షెడ్డుకు సూపర్‌వైజరు. యజమాని వెంకటగిరియప్ప రోజూ తన గదిలోంచి "ఆ ఆర్డరు ఏమైందప్పా?" అని కేక వేస్తాడు. ఓబులేష్ "అయిపోయింది సార్" అంటాడు. అంటే అయిపోయిందని కాదు. నాకు గుర్తుంది, రేపో ఎల్లుండో అవుతుంది, మీరు బీపీ పెంచుకోకండి అని అర్థం. ఈ సంగతి యజమానికి తెలుసు, మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఆ షెడ్డు ఈ ఒప్పందం మీదే చల్లగా నడిచింది.

తెలియనిదల్లా యజమాని కొడుకు అభిజిత్‌కు. పుణెలో ఎంబీఏ చదివొచ్చిన కుర్రాడు. వచ్చీ రాగానే గోడకు పెద్ద టీవీ తగిలించి, అందులో ఆన్‌లైన్ బోర్డు ఒకటి పెట్టాడు. ఒక్కో ఆర్డరుకు ఒక్కో కార్డు. పని మొదలు కాకపోతే ఎరుపు, సాగుతుంటే పసుపు, అయిపోతే పచ్చ. ఎవరి ఫోన్‌లోంచి వాళ్ళు కార్డును జరుపుకోవచ్చు. "ఇంక ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఫుల్ ట్రాన్స్‌పరెన్సీ" అన్నాడు అభిజిత్. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టమంటే కొట్టారు లెండి.

ఆ శనివారం బోర్డు మీద ఒక్కటే ఎరుపు మిగిలింది. కె.ఆర్.పురంలో ఒక యూనిఫాం దుకాణానికి మూడు వందల బడి చొక్కాలు. గుడ్డ ఇంకా మూట కూడా విప్పలేదు.

"ఒక్క రెడ్ ఉన్నా సూపర్‌వైజర్ లీవ్ అప్రూవ్ కాదు ఓబులేష్. నేను కాదు, సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాడు అభిజిత్.

"అది బుధవారానికి కదా చిన్న సార్?"

"సిస్టమ్‌కి బుధవారం తెలీదు. రెడ్ ఒక్కటే తెలుసు."

ఓబులేష్‌కు వాదించే ఓపిక లేదు. పొద్దున నీళ్ళ ట్యాంకరు కోసం చీకట్లోనే లేచిన ఒళ్ళు. నోటితో ఇన్నేళ్ళు అన్న మాటే ఈసారి బొటనవేలితో అన్నాడు. కార్డు పచ్చబడింది. ఫోన్ తెర మీద రంగు కాగితాలు రాలాయి. లీవు మంజూరైంది. హాయిగా ఊపిరి పీల్చుకుని హెల్మెట్ చేతికి తీసుకున్నాడు.

బోర్డుకు అటువైపు వ్యాన్ కంపెనీనీ, దుకాణాన్నీ కూడా కలిపేశారని అతనికెవరూ చెప్పలేదు. గేటు దాటేలోపే వ్యాను అడ్డం వచ్చింది.

"లోడు యాడుందన్నా?" అన్నాడు డ్రైవరు పెద్దన్న, తల బయటపెట్టి.

"ఏం లోడు?"

"మూడు నూర్ల చొక్కాలంట. రెడీగా ఉండాయని మెసేజి వచ్చింది."

ఓబులేష్ చేతిలోని హెల్మెట్ చంకలో పెట్టుకున్నాడు. "నువ్వట్లా పోయి టీ తాగిరాప్పా, చూస్తాము" అని పంపించి వెనక్కి తిరిగేసరికి, ఎదురుగా వెంకటగిరియప్ప, చేతిలో మైసూర్ పాక్ డబ్బా.

"బుధవారం ఆర్డరు శనివారమే ముగించినావంట కదా! నువ్వు చెప్పుంటే నేను నమ్మేవాణ్ణి కాదప్పా. టీవీలోనే వచ్చింది!" అంటూ ఒక ముక్క అతని నోట్లో కుక్కాడు. నిజం చెప్పడానికి తెరిచిన నోరు మైసూర్ పాక్‌తో మూతబడింది. ఆ ముక్క మింగేలోపు డబ్బా షెడ్డంతా తిరిగింది, ఆడవాళ్ళు తలా ఒకటి తీసుకుని మూట వైపు చూసి, ఓబులేష్ వైపు చూసి తిన్నారు.

అంతలో శశికళ ఫోను. "యాడుండావు?"

"యలహంక దాటినా."

"నువ్వు పెట్టిన లొకేషన్ చూస్తానే ఉండా. నీ చుక్క బొమ్మనహళ్ళిలోనే ఉండాది."

"సిగ్నల్ లేదేమోలే. చుక్క వెనకబడి ఉంటాది."

ఆమె ఫోను పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

టీవీ టింగుమంది. "లోడ్ అయింది." మళ్ళీ టింగుమంది. "బయల్దేరింది." ఓబులేష్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. వ్యాను లేదు. పెద్దన్నకు ఫోను చేశాడు.

"ఏం చేసేదన్నా? ఊరికే నిలబడితే నా రేటింగ్ పోతాది. లోడైందని నొక్కినా. నొక్కితే ఎందుకు కదల్లేదంటాది. కదిలినా."

"ఖాళీ బండేసుకొనా?"

"ఖాళీనా నిండానా అని యాప్ అడగలేదు కదన్నా."

"అయ్యో, వెనక్కి రా సామీ!"

"సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా. వెనక్కీ లేదు, ముందుకూ లేదు. లేటైతే దానికీ రేటింగ్ పోతాదంట" అన్నాడు పెద్దన్న. మాట పూర్తయ్యేలోపే టీవీ టింగుమంది. "చేరింది." సిల్క్ బోర్డు జామ్‌లో నిలబడే సరుకు కె.ఆర్.పురం చేర్చేశాడు మహానుభావుడు.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు ఓబులేష్. తండ్రీకొడుకులిద్దరినీ మూట దగ్గరికి తీసుకెళ్ళి, "సార్, గుడ్డ కోయనే లేదు. లీవు కోసరం నొక్కినా. తప్పైపోయింది" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు సాయంత్రం పోయిందని అతనికి అర్థమైంది.

అభిజిత్ ముఖం పాలిపోయింది. వెంకటగిరియప్ప మాత్రం ఆ మూట మీదే కూలబడి, చాలా అలసటగా అన్నాడు. "నోటితో చెప్పకూడదా అప్పా? నువ్వు అయిపోయింది అనుంటే, అయిపోలేదని నాకు తెలిసేది కదా."

దుకాణానికి ఫోను చేసి క్షమాపణ చెప్పడం తప్ప దారి లేదని తేల్చుకున్నారు. ఎవరు చెయ్యాలని వాదించుకుంటూనే పొద్దు వాలింది. అది తేలకముందే అక్కడినుంచే ఫోను వచ్చింది. దుకాణంలో సరుకు దించుకునే సహన అనే అమ్మాయి. అభిజిత్ స్పీకరు పెట్టాడు.

"సార్, చేరిందని మెసేజి వచ్చింది, చొక్కాలు వచ్చినాయి. చెక్ చేసినా, చానా బాగుండాయి. ఫైవ్ స్టార్ ఇచ్చేసినా."

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. వెంకటగిరియప్ప మెల్లగా అడిగాడు. "తీసి చూసినావా తల్లీ?"

"అయ్యో, చూడకుండానా సార్? ఒక్కొక్కటీ విప్పి చూసినా. రెండింటికి మాత్రం చేతులు పొట్టిగా ఉండాయి. అవి మార్చి పంపించేయండి."

"పంపిస్తాం తల్లీ. మూడు నూర్లూ బుధవారానికి మళ్ళీ కొత్తవే పంపిస్తాం, వాటిని మీ సార్ చేతికే ఇస్తాం" అన్నాడు వెంకటగిరియప్ప.

అటువైపు నుంచి ఒక చిన్న దగ్గు వినిపించింది. "అదే మేలు సార్" అని సహన ఫోను పెట్టేసింది.

టీవీలో ఓబులేష్ పేరు మీద కొత్త ఎర్ర కార్డు పుట్టింది. పొట్టి చేతులు, రెండు చొక్కాలు, ఈరోజే. "లీవ్ క్యాన్సిల్ అయింది, సిస్టమ్..." అని అభిజిత్ మొదలుపెట్టగానే, వెంకటగిరియప్ప లేచి వెళ్ళి టీవీ స్విచ్చి ఆపేశాడు. "సిస్టమ్‌తో నేను మాట్లాడుకుంటా. నువ్వు పో అప్పా, నీ పెండ్లాం ఎదురు చూస్తాంటాది."

అప్పటికే వీధిదీపాలు వెలిగాయి. ఓబులేష్ బండి స్టార్టు చేసి, శశికళకు ఫోను చేశాడు.

"బయల్దేరినా శశీ. ఒట్టు, ఈసారి నిజంగానే."

"వద్దులే" అంది శశికళ గొంతు తగ్గించి. వెనక సందడిగా ఉంది. "అల్లుడేడీ, అల్లుడేడీ అని అందరూ ప్రాణం తీస్తాంటే, వచ్చినాడు, తిన్నాడు, అర్జెంటు పనుండి పోయినాడని చెప్పేసినా. ఇప్పుడొస్తే నా మాట పోతాది. రేపు నేనే వస్తాలే."

ఓబులేష్ బండి ఆపేశాడు. "నమ్మినారా?"

"నమ్మకేమి? నీతో చానాసేపు మాట్లాడినానని మా నాయనే అందరికీ చెప్తాండాడు."

అత్తగారు మాత్రం, అల్లుడు సరిగ్గా తినకుండానే వెళ్ళిపోయాడని బాధపడుతున్నారట.