ఆరు బొండాలూ, దానం బీపీ

కువైట్లో డ్రైవరు ఉద్యోగానికి దానం దగ్గర అన్నీ ఉన్నాయి, మెడికల్ ఫిట్ కాగితం తప్ప. దానికి ఇవాళే ఆఖరి రోజు, రాకపోతే వీసా పోయినట్టే. పొద్దున్నే అమలాపురంలో పరీక్ష ముగించుకుని, మధ్యాహ్నానికి ఇంట్లో రొయ్యల కూర తినాలని అతని పథకం. ఇంటి దగ్గర చూస్తే బీపీ నూటఇరవై. ఇక్కడ తెల్లకోటు కనబడగానే నూటడెబ్బై! మనిషి నిక్షేపంగా ఉన్నాడు, పాపం, ఆసుపత్రంటేనే హడలు.

"కంగారు పడుతున్నారండి. కుర్చీలోంచి కదలకుండా కాసేపు కూర్చోండి, మళ్లీ చూద్దాం," అన్నారు డాక్టర్ క్రాంతికుమార్.

"ఆయ్," అన్నాడు దానం.

అతని భార్య సలోమి వెంటనే ఊళ్లోకి ఫోన్ కొట్టింది. కొబ్బరినీళ్లని మించిన బీపీ మందు లేదని కోనసీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అరగంటలో కనకరాజు బాబాయిగారు ఆటో నిండా బొండాలతో దిగిపోయారు.

"తాగరా అబ్బాయ్, ఇప్పుడే చెట్టు మీంచి దింపించేను!"

పెద్దవాళ్లు చేతికిచ్చింది కాదనడం దానం వంశంలో లేదు. తాగాడు. సిస్టరు పట్టీ చుట్టి చూస్తే నూటడెబ్బై అయిదు. "ఒక్కటి చాల్లేదేమోనండి," అని సలోమి ఇంకోటి పట్టించింది. నూటఎనభై! "మా బొండాం తాగవా, మేం పరాయివాళ్లమా?" అని అదే ఆటోలో వచ్చిన పక్కింటి రామలక్ష్మి పిన్నిగారు నిష్ఠూరమాడింది. మూడు, నాలుగు, అయిదు. ఆరోది దిగేసరికి దానం మొహం కందగడ్డ అయింది, మోకాళ్లు దగ్గరికొచ్చేశాయి. నూటతొంభై అయిదు!

"కువైటూ వద్దు, పాడూ వద్దు! ప్రభువా, మనిషి దక్కితే చాలు!" అంటూ సలోమి ఏడుపు లంకించుకుంది.

డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి దానం మోకాళ్ల వంక చూశారు. "ఏవండీ, వచ్చినప్పట్నుంచీ ఒక్కసారైనా బాత్రూంకి వెళ్లేరా?"

"తమరే కదలొద్దన్నారు కదండీ!"

"ఓరి నాయనో! అలా బిగబట్టుకుంటే ఎవరికైనా పెరుగుద్దండీ బీపీ! ముందు లేవండి!"

దానం లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం పెళ్లికొడుకులా నడిచొచ్చాడు. కాసేపు కూర్చోబెట్టి చూస్తే నూటఇరవై రెండు. సలోమి కళ్లు తుడుచుకుంది. బాబాయిగారు సంబరం పట్టలేక మిగిలిన బొండాలన్నీ ఆసుపత్రంతా పంచేశారు, ఆఖరిది డాక్టరుగారికి.

అప్పుడు సిస్టరు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి దానం చేతిలో పెట్టింది. "యూరిన్ టెస్టొక్కటే మిగిలిందండి. అరగంటలో ల్యాబ్ కట్టేస్తారు."

దానం డబ్బా వంక చూశాడు, గుమ్మంలో ఖాళీ ఆటో వంక చూశాడు. "ఇప్పుడు ఒక్క చుక్క కూడా లేదండీ!" అన్నాడు ఏడుపు గొంతుతో.

డాక్టరుగారు తాను తాగబోతున్న బొండాన్ని అతని చేతికిచ్చారు.

పెద్దవాళ్లు చేతికిచ్చింది కాదనడం దానం వంశంలో లేదు.