బతికున్న కొట్టుకు కన్నీటి పోస్టర్

పూంగొడికి అన్నిటికంటే పెద్ద భయం, మామగారు కొట్టు మూసేసి ఇంట్లో కూర్చోవడం. పాముకు కూడా ఆమె అంత భయపడదు. పోయిన ఏడు ఆయనకు జ్వరమొచ్చి ఐదు రోజులు ఇంట్లో ఉన్నారు. రెండో రోజుకల్లా గోడవైపు తిరిగి పడుకుని మాట మానేశారు. మూడో రోజు అన్నం మానేశారు. పోతారేమోనని ఆమె హడలిపోయింది. నాలుగో రోజు లేచి, చేతులు ఊరుకోక, వంటింట్లో ఉన్న ప్రతి గిన్నె మీదా ఇంటిల్లిపాది పేర్లూ తారీకులూ చెక్కేశారు. పోపుల డబ్బాను కూడా వదల్లేదు. అప్పుడు గానీ జ్వరం దిగలేదు.

ఆదిమూలం గారి పనే అది. మదురైలో కీళమాసి వీధిలో ఆయన కొట్టు. ముగ్గురు లోపలికి వస్తే నాలుగోవాడు వీధిలో నిలబడాలి. పెళ్లికి పెట్టే బిందెల మీద, గ్లాసుల మీద చిన్న ఉలితో టకటకా పేర్లు చెక్కుతారు. ఈ మధ్య గిన్నెల దుకాణాలవాళ్లే యంత్రాలు తెచ్చి కూర్చోబెట్టారు కాబట్టి ఆ టకటక తగ్గింది. స్కూలు వ్యాను నడిపే కొడుకు కదిరేసన్ చివరికి ఒక మాట అనేశాడు. "ఉసిలంపట్టి పెళ్లివారి గిన్నెలు సవ్యంగా అందిస్తే కొట్టు ఉంటుంది నాన్నా. లేదంటే ఒకటో తారీకున ఫోన్ కవర్లు అమ్మే అబ్బాయికి తాళం ఇచ్చేస్తాను."

ఆ గిన్నెలు అందించాల్సిన రోజు అది. పదకొండు గంటలకు పెళ్లికూతురి తల్లి పేచ్చియమ్మ వ్యాను వేసుకుని వస్తుంది. తన చిన్న కూతురు యాళినిని అంగన్‌వాడీలో దింపి, పది గంటలకల్లా కొట్టుకు వెళ్లి, గిన్నెలన్నీ తుడిచి సర్దిపెట్టాలని పూంగొడి అనుకుంది. శుభకార్యం వాళ్లు వస్తారని తలలో రెండు మూరల మల్లెపూలు కూడా పెట్టుకుంది.

పాల బూత్ మలుపులో యాళిని ఆగి గోడవైపు వేలు చూపించింది. "తాత."

నిజంగానే తాత. నిలువెత్తు పోస్టరులో, ముప్పై ఏళ్ల వయసులో, గుబురు మీసంతో ఉన్నారు. చుట్టూ నల్లటి అంచు. కింద వెలుగుతున్న దీపం, పైన ఏడుస్తున్న కన్ను. ‘కన్నీటి నివాళి’ అని జానెడేసి అక్షరాలు.

ఆ ఫొటో ఇచ్చింది పూంగొడే. పోయిన వారం సుందరవదనం అనే రిటైరైన టెలిఫోను ఆఫీసరు కొట్టుకు వచ్చాడు. పాత మదురై జ్ఞాపకాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. పడగొట్టేసిన సినిమా హాళ్లు, మూసేసిన సోడా కంపెనీలు, జట్కాలు నిలిచిన వీధులు, వీటి గురించి ప్రతి ఆదివారం నలభైమంది చేరి చెప్పుకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఈసారి ఆదిమూలం గారి కొట్టు గురించి చెప్పుకుంటామని, పాత ఫొటో ఒకటి కావాలని అడిగాడు. కొట్టుకు నలుగురూ వస్తారని ఆమె సంబరపడి, ఉన్న ఒక్క మంచి ఫొటో ఇచ్చింది.

మదురైలో గోడ మీద రంగుల ఫొటో ఉంటే చెవులు కుట్టే వేడుకో, నాయకుడి పుట్టినరోజో. నలుపు తెలుపు ఫొటో ఉంటే ఒక్కటే అర్థం. ప్రెస్సువాడికి ఫొటో ఇచ్చి, కనుమరుగైన కొట్ల గురించి సభ అని చెప్పారు. అతను మరో ప్రశ్న వేయకుండా రోజూ వేసే పోస్టరే వేశాడు. అచ్చు సరిచూడాల్సిన సుందరవదనం గారికి, చూడగానే కళ్లు నిండిపోయి అక్షరాలు కనబడలేదట.

పూంగొడి ఇంకా గోడ ముందే ఉండగా, పక్కింటి ముసలామె రాక్కమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంటి పెద్ద గోడెక్కితే తల్లో పూలేమిటే పిల్లా?"

"అయ్యో అవ్వా, ఆయన బానే ఉన్నారు. పొద్దున నాలుగు ఇడ్లీలు తిని కొట్టుకు వెళ్లారు."

"ఉంటాడమ్మా. అంత మంచి మనిషి మనల్ని వదిలి ఎక్కడికి పోతాడు?" అంటూ రాక్కమ్మ ఆమె తలలోంచి పూలు లాగేసింది.

"నా మాట వినవేం అవ్వా? చట్నీ అడిగి మరీ వేయించుకున్నారు."

"ఆఖరి కోరిక" అని రాక్కమ్మ పక్కనున్నామెకు చెప్పి కళ్లొత్తుకుంది. "పాపం, పిచ్చిపిల్ల తట్టుకోలేకపోతోంది. షామియానా సంగతి నేను చూస్తాలే, నువ్వు కంగారుపడకు."

పూంగొడికి ఒళ్లు మండిపోయింది. మనిషి నోటితో చెప్పేదానికి విలువ లేదు గానీ గోడ చెప్తే వేదమా? మొగుడికి ఫోను చేస్తే ఎత్తలేదు. వ్యాను నడిపేటప్పుడు ఎత్తడు. ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నది తనే. పాపను చంకనేసుకుని కొట్టుకు పరుగెత్తింది.

వీధి వీధంతా షట్టర్లు సగం దించి ఉంది. సభ్యుడెవరైనా పోతే మధ్యాహ్నం దాకా సగం మూయాలని వర్తక సంఘం కట్టుబాటు. మూస్తే మూశారు, మామగారు లోపల ఉంటారుగా అనుకుంటూ వచ్చిన ఆమె, ఆ కొట్టు షట్టరు కూడా సగం దించి ఉండడం చూసి ఆగిపోయింది. వంగి లోపలికి చూసింది. పీట ఉంది. ఉలి ఉంది. కళ్లద్దాలు ఉన్నాయి. మనిషి లేడు.

ఇంతసేపూ అందరినీ తిట్టుకుంటూ వచ్చిన పూంగొడికి మొదటిసారి గోడ చెప్పిందే నిజమేమో అనిపించింది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకంటే ముందే, వ్యాను వచ్చి ఆగింది. పేచ్చియమ్మ దిగి, ఎదురుగోడ మీది పోస్టరును కిందనుంచి పైకీ, పైనుంచి కిందకీ చూసింది.

"నా కూతురి పెళ్లి సామాను చావు కొట్లో పెట్టావా?"

"ఇది చావు కొట్టు కాదక్కా."

"మరి షట్టరెందుకు దించావు?"

"నేను దించలేదు."

"ఎవరు దించారు? పోయినాయన లేచొచ్చి దించాడా?"

పాప ఏడుపు అందుకుంది. పేచ్చియమ్మ పిల్లను చూసి కొంచెం తగ్గింది. "ఏడవకు. ఇంటికి పద. మనిషి ఉంటే గిన్నెలు తీసుకుంటాను. లేకపోతే దండ వేసి పోతాను. నాకు ఏదో ఒకటి తేలాలి, వంటవాళ్లు కాచుకుని ఉన్నారు."

షట్టరు దించింది నిజంగా ఆదిమూలం గారే. తొమ్మిదిన్నరకు బయట షట్టర్ల చప్పుడు విని, ఏమిటని అడిగితే, సంఘం సభ్యుడెవరో పోయాడని టీ కొట్టతను స్టవ్ ఆర్పుతూ తల తిప్పకుండానే చెప్పాడు. నలభై ఏళ్లలో ఆదిమూలం గారు సంఘం కట్టుబాటు ఒక్కటీ తప్పలేదు. ఉలి కింద పెట్టారు, షట్టరు సగం దించారు, దండ కొన్నారు, చూడడానికి వెళ్తున్న వర్తకుల గుంపు తోక పట్టుకుని నడిచారు. కళ్లద్దాలు పని పీట దగ్గరే వదిలేస్తారు కాబట్టి దారి పొడుగునా గోడల మీద ఎవరున్నారో ఆయనకు కనబడలేదు.

"ఎవరు నాయనా పోయింది?" అని ముందు నడుస్తున్న ఫోన్ కవర్ల అబ్బాయిని అడిగారు. కొట్టు మీద కన్నేసిన ఆ అబ్బాయికి కొట్టు తెలుసు గానీ మనిషి తెలియదు. బేరమంతా కదిరేసన్‌తోనే.

"ఎవరో ముసలాయన అన్నాచ్చీ. గిన్నెల మీద పేర్లు చెక్కేవాడట. ఆ పనిలో ఈ ఊళ్లో ఆయన్ని మించినవాడు లేడంటున్నారు."

ఆదిమూలం గారు నడిరోడ్డు మీద ఆగిపోయారు. నలభై ఏళ్లుగా ఈ వీధిలో తనకు తెలియకుండా ఇంకొకడా? పైగా తనను మించినవాడా? వాడెవడో మొహం చూడాల్సిందేనని గుంపును దాటుకుని ముందుకు నడిచారు. ఆ కోపంలో అడుగులు చూసుకోలేదు. వచ్చింది తన ఇంటికేనన్న సంగతి గుమ్మం దాకా గమనించలేదు.

గుమ్మం ముందు షామియానా ఉంది. కుర్చీలున్నాయి. శవాన్ని ఉంచే ఐసు పెట్టె దింపి తీగ ఎక్కడ గుచ్చాలో వెతుకుతున్నారు. తను వేయించిన పోస్టరు నుంచే పుట్టిన చావు కబురు నమ్మి, సంఘంతో సహా వచ్చిన సుందరవదనం రుమాలు పట్టుకుని, ఆ ఉలి చప్పుడు ఆగిపోయిన రోజే మదురై గుండె ఆగిపోయిందని చెబుతున్నాడు. నలభైమంది సంఘ సభ్యులు ముక్కులు చీదుతున్నారు. పూంగొడినీ పాపనూ ఎక్కించుకున్న పేచ్చియమ్మ వ్యాను కూడా అప్పుడే వచ్చి ఆగింది.

"ఎవడయ్యా ఆ పనివాడు?" దండ పట్టుకుని ఆదిమూలం గారు అడిగారు. "వాడు చెక్కిన గిన్నె ఒకటి తెచ్చి నాకు చూపించండి."

రాక్కమ్మ కుర్చీలోంచి జారింది. ఐసు పెట్టె మనిషి, "వాపసు తీసుకెళ్లమంటారా, కాసేపు చూద్దామా?" అని మెల్లగా అడిగాడు.

సుందరవదనం ముందు తేరుకున్నాడు. "అన్నాచ్చీ, నివాళి మీకు కాదు. మీ కొట్టుకు."

"కొట్టుకేమైంది? పొద్దున తెరిచానుగా."

"కనుమరుగైన కొట్లలో వేశాం..."

"నువ్వు ఆఖరుసారి గిన్నె పట్టుకుని ఎప్పుడొచ్చావు?"

"మా పెళ్లికి. కాఫీ ఫిల్టరు మీద మా ఇద్దరి పేర్లూ చెక్కారు. ఆహా, ఆ అక్షరాలు..."

"తర్వాత నీ పిల్లల పెళ్లిళ్లు కాలేదా?"

"అయ్యాయి. అవి... యంత్రం మీద చెక్కించాం."

"అయితే కనుమరుగైంది నా కొట్టా, నువ్వా?"

అంతసేపూ దిగమింగుకున్నదంతా పూంగొడి అప్పుడు బయటపెట్టింది. "ఇంతమంది ఏడవడానికి వచ్చారు. మీలో ఎందరి ఇళ్లలో గిన్నెలు లేవు? ఏడాదికి ఒక్క గ్లాసు తెచ్చినా ఈ కొట్టు మూతపడే మాటే వచ్చేది కాదు. పోయాక దండలు తెస్తారు గానీ ఉండగా ఒక గరిటె తేలేరా?"

నలభైమందీ తమ చెప్పులు చూసుకున్నారు. అప్పుడు పేచ్చియమ్మ ముందుకొచ్చి ఆదిమూలం గారి చెయ్యి గిల్లి చూసింది. ఆయన కోపంగా చెయ్యి లాక్కున్నారు. ఆమెకు నమ్మకం కుదిరింది.

"బతికుండగా చావు కబురు పుడితే ఆయుష్షు రెండింతలవుతుంది. మా ఊళ్లో అయితే ఇలాంటివాళ్ల చేత్తోనే తాళిబొట్టు ముట్టిస్తారు. గిన్నెలన్నీ తీసుకుంటాను. కాకపోతే ఒక్కోదాన్నీ ఈయనే చేత్తో ఎత్తి ఇవ్వాలి."

అలా కొట్టు నిలిచింది. సాయంత్రానికి నలభైమందీ తలా ఒక గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డారు. కదిరేసన్ మళ్లీ తాళం మాట ఎత్తలేదు. ఇంట్లో కూర్చునే మామగారి గురించిన భయం తీరిపోయిందని పూంగొడి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

తీరింది నిజమే. ఆదివారం సభకు ఆదిమూలం గారు నాలుగు చీవాట్లు పెట్టి వద్దామనే వెళ్లారు. మైకు ఇచ్చారు. ఇత్తడి బిందెలో సత్తు కలిపినవాడి పేరుతో మొదలుపెట్టి రెండున్నర గంటలు మాట్లాడారు. జనం లేవలేదు. ఇంకో సంఘంవాళ్లు పిలిచారు. తర్వాత కాలేజీవాళ్లు. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఆయన ఏదో ఒక వేదిక మీద, కొట్టు వదలకుండా పనిచేయడం ఎంత గొప్పదో చెబుతున్నారు. కొట్లో పీట మీద పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన నేర్పినట్టే పూంగొడి పేర్లు చెక్కుతోంది. ఎనిమిదో తరగతితో ఆగిన చదువుకు ఇన్ని అక్షరాలు రాయాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. వేళ్లు బొబ్బలెక్కాయి. గంటకోసారి ఆమె ఉలి ఆపి, ఆయన ఏ హాల్లో ఉన్నారో, నీళ్లు తాగారో లేదో అని వీధివైపు చూస్తూ ఉంటుంది.

మదురైలో ఏ సభలోనైనా పంచె కట్టుకుని మైకు వదలని పెద్దాయన కనబడితే, బీపీ మాత్ర వేసుకున్నారో లేదో దయచేసి ఒకసారి కనుక్కోండి. అయితే అడిగి మధ్యలో లేచి రాకండి, ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.