పార్వతీదేవి బ్యాగు తుడిచిన వైనం

ఆ శనివారం ఉదయం పార్వతీదేవి చెయ్యాల్సిన పని ఒక్కటే: ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం. ఆవిడకు బుద్ధెరిగిన నాటినుంచి చేతకానిది కూడా అదొక్కటే.

"అమ్మా, మళ్ళీ చెప్తున్నా, ఆ బ్యాగు ముట్టుకోకు," అంది కూతురు హరిచందన, కంప్యూటర్ క్లాసుకు బయల్దేరుతూ. "పాత బ్యాగులు కొనే ఆ షాపావిడ ఫోన్లో ఏమంది? పాతదైనా ఫరవాలేదు, ఎలా ఉన్నది అలాగే తెమ్మంది. రేపు పదకొండింటికి బంజారాహిల్స్‌లో ఉండాలి. అంతవరకూ అది అలమరలోనే ఉండనీ."

"నేనెందుకు ముట్టుకుంటానే?" అంది పార్వతీదేవి. అప్పటికే ఆవిడ చేతిలో తడిగుడ్డ ఉంది.

ఆ బ్యాగు వచ్చి రెండేళ్ళయింది. భర్త రాజారావు పనిచేసే జీడిమెట్ల మందుల కంపెనీకి తనిఖీ కోసం ఫ్రాన్సు నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడకు మూడు వారాలపాటు పార్వతీదేవి పులిహోరా పెసరట్లూ కట్టి పంపింది. వెళ్ళేరోజున ఆవిడ తన భుజాన ఉన్న గోధుమరంగు తోలు బ్యాగు తీసి, మీ ఇంటావిడకివ్వమని రాజారావు చేతిలో పెట్టింది. మూలలు అరిగి, పట్టెలు నల్లబడిన ఆ బ్యాగులో అప్పటినుంచీ కరెంటు బిల్లులూ రేషన్ కార్డూ కాపురముంటున్నాయి. మొన్న హరిచందన ఇంటర్నెట్ సెంటర్‌లో దాని పేరు కొట్టి చూసి, గుండె చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది. అరిగిన బ్యాగు ఖరీదుతోనే పెరట్లో బోరు వేయించవచ్చు!

బోరంటే మాటలా! మేడ్చల్‌లో వాళ్ళ కాలనీకి ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. అలియాబాద్ విజయమ్మగారి బోరు లారీ సోమవారం పొద్దున వస్తుంది. డబ్బు చేతిలో పడకపోతే అట్నుంచటే వెళ్ళిపోతుంది. మళ్ళీ దాని మొహం చూడాలంటే వానలు పడాలి. అప్పటిదాకా బిందెలు పట్టుకుని వీధిలో జుట్లు పట్టుకోవాల్సిందే.

ఇవన్నీ పార్వతీదేవికి తెలుసు. కానీ పక్కింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చేటప్పుడు చింతపండుతో తోమి, ఇంత పంచదార వేసి మరీ ఇచ్చే మనిషి, అంత మురికి బ్యాగు నలుగురి ముందు ఎలా పెడుతుంది? అందుకని తాగే నీళ్ళలోంచి ఒక్క గరిటెడు తీసి, ఒక్క మూల, ఒక్కసారి తుడిచింది.

ఆ మూల నల్లగా మచ్చ పడింది. మచ్చ కలిసిపోవాలని కొబ్బరినూనె రాసింది. సగం బ్యాగు నల్లబడింది. మిగతా సగం తెల్లగా కనబడుతోందని దానికీ రాసింది. నూనె కారుతుంటే, పీల్చుకుంటుందని శనగపిండి చల్లింది. పిండి కుట్లలోకి దిగి గట్టిపడింది. కూతురు ఒంటిగంటకు వస్తుంది. పార్వతీదేవి బ్యాగు చంకన పెట్టుకుని వరండాలోకి పరుగెత్తింది.

"ఏవండీ, స్కూటరు తియ్యండి!"

మేడ్చల్ బస్టాండు పక్కన చెప్పులు కుట్టే భిక్షం బ్యాగును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింత మంచి తోలుకు గిట్ల జేసిండ్రేందమ్మా? నూనె వోసిండ్రు, పిండి వోసిండ్రు. ఇగ తాలింపు వెట్టుడే తక్కువ."

"నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి భిక్షం. సాయంత్రానికల్లా కొత్తదానిలా ఉండాలి."

"కొత్తదాన్లెక్కనా? జేస్త. పరేషాన్ గాకుండ్రి."

భిక్షం మాటంటే మాటే. సాయంత్రం నాలుగింటికి బ్యాగు పెళ్ళికూతురిలా తయారై ఉంది. ఒళ్ళంతా ముదురు ఎరుపు, లావుపాటి కొత్త పట్టెలు, తళతళలాడే కొత్త కొక్కెం. లోపల చినిగిన గుడ్డ స్థానంలో పూల గుడ్డ.

"పాత పట్టెలు అరిగినయ్ గని తోలు మస్తున్నది. పారెయ్య మనసొప్పలే," అన్నాడు భిక్షం. "సార్ పొద్దుగాల తెగిన చెప్పులు గూడ ఈడనే ఇచ్చిపోయిండు గదా, వాటికేసిన. ఇగ పదేండ్లు సూసుకోనక్కరలేదు."

రాజారావు ఆ చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసి తెగ మురిసిపోయాడు.

బ్యాగు చూసిన హరిచందన మాత్రం గడపమీదే కూలబడింది. "ఇదేంటమ్మా?" అంది. పార్వతీదేవి కూతురివైపు చూడకుండా, స్కూటరు కొన్నప్పుడు పెట్టినట్టే బ్యాగుకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. సంచీ ఖాళీగా ఇవ్వకూడదు కనక లోపల ఒక పసుపుకొమ్మూ రూపాయి బిళ్ళా వేసింది.

ఆదివారం షాపావిడ బ్యాగు తెరవగానే పసుపుకొమ్ము దొర్లి గాజుబల్ల మీద పడింది. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"అరిగిన బ్యాగైతే తీసుకునేదాన్నండీ. అరుగుదల బాగుచేసే పద్ధతి వేరే ఉంది, దానికి మనుషులు వేరే ఉన్నారు. ఇప్పుడు దీనికి కొక్కెం మీద పేరు లేదు, లోపల నంబరు లేదు. రంగు తీస్తే తోలు పోతుంది. నేనేమీ ఇవ్వలేను. ఇంతకీ అసలు పట్టెలేవి?"

పార్వతీదేవి తలుపు బయట విడిచిన భర్త చెప్పులవైపు వేలు చూపించింది. షాపావిడ వెళ్ళి, వంగి, పట్టెల మీది కంపెనీ ముద్ర చూసి, వీళ్ళ ఫోను నంబరు రాసుకుంది.

బస్సులో దారంతా పార్వతీదేవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన చేతులమీద తనకే అసహ్యం వేసింది. ఇంటికొచ్చాక రాజారావు బోరు వద్దని చెబుదామని రాత్రిదాకా ఫోను చేస్తూనే ఉన్నాడు. విజయమ్మ ఎత్తలేదు.

సోమవారం ఆరింటికల్లా లారీ వీధి అదిరేలా వచ్చి ఆగింది. వెనకే జీపులోంచి విజయమ్మ దిగింది. పైసల సంగతి ఆవిడ ఎవరికీ వదలదు. వరండాలోకి వస్తూనే కుర్చీలో ఉన్న ఎర్ర బ్యాగు చూసి ఆగిపోయింది.

"గీ బ్యాగు ఏడ దొర్కిందమ్మా? బొట్టు గూడ వెట్టిండ్రు, లక్ష్మి లెక్కున్నది!"

పార్వతీదేవికి అబద్ధం రాలేదు. బ్యాగు ఏ కంపెనీదో, ఎవరిచ్చారో, తను ఏం చేసిందో, షాపావిడ ఏమందో అన్నీ చెప్పేసింది. "ఇప్పుడిది అమ్మితే ఏమీ రాదండీ. మీ డబ్బివ్వడానికి మా దగ్గర లేదు. లారీని పంపించెయ్యండి," అంది.

"నేనేమన్న అమ్ముకుంటనా?" అంది విజయమ్మ. "మావోడు దుబాయ్‌ల గా కంపెనీదే కొన్నడు. లక్ష వెట్టిండట. ఏం జేస్తం, మట్టిరంగు! ఎన్నిసార్లు తుడిచినా కడగనట్టే ఉంటది. ఎల్లుండి శామీర్‌పేటల లగ్గమున్నది, నాది ఎర్ర పట్టుచీర. గీ బ్యాగు నాకియ్యి. బోరు నేనేపిస్త."

"కానీ, షాపావిడ..."

"భూములమ్మినం గని బ్యాగులు అమ్ముకునే గతి పట్టలే. ఏయ్, లారీ పెరట్లకు దీస్కరా!"

మధ్యాహ్నానికి మూడొందల అడుగుల దగ్గర నీళ్ళు ఎగజిమ్మాయి. కాలనీ అంతా బిందెలతో పరుగెత్తుకొచ్చింది. పొద్దుటినుంచీ బోరు పక్కనే నిలబడ్డ రాజారావుకు చెప్పుల నుంచి మోకాళ్ళదాకా బూడిదరంగు బురద. పార్వతీదేవి నీళ్ళు దోసిట పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ చేతులు మళ్ళీ ఆవిడవయ్యాయి. విజయమ్మ బ్యాగు భుజాన తగిలించుకుని జీపెక్కింది.

అప్పుడే ఫోను మోగింది. బంజారాహిల్స్ షాపావిడ.

"మీ బ్యాగులాంటిదే, పట్టెలు ఊడిపోయినది ఒకటి నా దగ్గరుందండీ. ఆ ముద్ర ఉన్న పాత తోలు ముక్కలు దొరికితే దాన్ని బాగుచేయించవచ్చు. మీరు బ్యాగుకు అనుకున్న ధరే వాటికిస్తాను. ఒక్కటే మాట: దయచేసి వాటిని తుడవకండి, కడగకండి. ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి."

పార్వతీదేవి ఫోను పట్టుకునే కిటికీలోంచి చూసింది. పెరట్లో కొత్త నీళ్ళ ధార కింద చెప్పులు రెండూ బండమీద పెట్టి, రాజారావు బట్టలసబ్బూ కొబ్బరిపీచూ వేసి, చాలా శ్రద్ధగా తోముతున్నాడు.