ముప్పై అయిదో వంతు కల్వర్టు

ఇంజనీరు ఉద్యోగాలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ పెట్టడం శుద్ధ దండగ. చేతికొక సన్న కుంచె ఇచ్చి, బొటనవేలంత బొమ్మ మనిషికి కనుబొమ్మలు దిద్దమనాలి. దిద్దినవాడికే ఉద్యోగం!

ఈ మాట ఊసుపోక అనడం లేదు. మా బావమరిదిని చూసి అంటున్నాను.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, పట్నంలో రోడ్లూ కల్వర్టులూ చూసే ఆఫీసులో ఇంజనీరు. అది పొట్టకూటికి. అసలు పనంతా ఇంట్లో, భోజనాల బల్ల మీద. వేలెడంత సైనికులు, అగ్గిపెట్టెంత లారీలు, అరచేతిలో ఇమిడే పాడుబడ్డ ఇళ్లు! వాటికి రంగులేస్తాడు. వేసి, వాటి కాళ్ల కింద నేల తయారుచేస్తాడు. రంగు ఎవడైనా వేస్తాడట. కాళ్ల కింది నేలను చూసి జనం నమ్మాలట. విద్యంతా అక్కడే ఉందట. దీన్ని స్కేల్ మోడలింగ్ అంటారు. బొమ్మలాట అన్నారో, నొచ్చుకుంటారు.

ఇలాంటివాళ్లను చూసి కొందరు మూతి తిప్పుకుంటారు. తిన్నదరక్క చేసే పని అంటారు. ఎంత అన్యాయం! ఈ విద్య వల్ల ఇంటికీ, ఊరికీ ఎంత మేలు జరుగుతోందో నేను కళ్లారా చూశాను.

మీ ఇళ్లలో ఆలుమగలు పోట్లాడుకుంటారా? ఆ ఇంట్లో వీల్లేదు! సైనికుడి కంట్లో నల్లచుక్క పెట్టేటప్పుడు మా బావమరిది ఊపిరి బిగబడతాడు. ఆయనతోపాటు ఇంటిల్లిపాదీ బిగబట్టాలి. తలుపు గట్టిగా వేస్తే బల్ల అదురుతుంది. ఫ్యాను తిప్పితే గడ్డి లేచిపోతుంది. తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తాలి. ఆయన భార్య, నాకు చెల్లెలి వరస, పెళ్లయిన కొత్తలో గలగలా మాట్లాడేది. ఇప్పుడు కనుసైగలతో కాపురం నెట్టుకొస్తోంది. భోజనాల బల్ల యుద్ధభూమి అయిపోయింది కాబట్టి నిలబడే తింటారు. నిలబడి తినేవాడికి పొట్ట రాదు. డాక్టరు ఖర్చు తప్పిందా, లేదా?

ఇక దుమ్ము సంగతి. మనం ఊడ్చి పారేస్తాం, తెలివితక్కువవాళ్లం! ఆ ఇంట్లో దుమ్మును జల్లెడ పట్టి సీసాల్లో పోస్తారు. ఒక్కో సీసాకి ఒక్కో చీటీ. ఒకటి మేడమెట్ల మీది దుమ్ము, ఒకటి ఫ్యాను రెక్కలది, ఒకటి పాత చెప్పులది. కాచేసిన టీ పొడి ఎండబెడితే రాలిన ఆకులు. అరిగిపోయిన టూత్‌బ్రష్ పీచు కత్తిరించి జిగురులో గుచ్చితే రెల్లుదుబ్బు.

“అన్నయ్యా, ఈ ఇంట్లో చెత్త పారేయాలన్నా పర్మిషన్ కావాలి,” అంది ఒకసారి మా చెల్లెమ్మ, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి. “మొన్న కిటికీలో సాలెగూడు దులిపానని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అది ఇంకా ముదరాలట. దేనికో కావాలట!”

సాలెగూడును ముదరబెట్టేవాడు పని నాన్చుతాడని ఎవరనగలరు? అది ఓర్పు!

ఆ విద్యలో ఒక కిటుకు మాత్రం నన్ను ఆశ్చర్యంలో ముంచేసింది. కుంచెను రంగులో ముంచుతారు. ముంచిన రంగునంతా గుడ్డకు తుడిచేస్తారు. ఇక కుంచెలో ఏమీ మిగల్లేదని తేలాక, అప్పుడు దాన్ని బొమ్మ మీద ఆడిస్తారు. ఎత్తులు తేలి, పల్లాలు దిగి, బోలెడంత పని జరిగినట్టు కనబడుతుంది. ఇరవయ్యేళ్ల ఆఫీసు అనుభవం లేనివాడికి ఈ విద్య పట్టుబడుతుందా? మీరే చెప్పండి!

సరే, మా కల్వర్టు సంగతికొస్తాను.

మా ఊరికీ పెద్దరోడ్డుకీ నడుమ ఒక వాగు ఉంది. వాగు మీద కల్వర్టు ఉండేది. కిందటేడు వరదకు సగం కూలింది. మిగతా సగం నాకెందుకని అలిగినట్టు పక్కకు ఒరిగింది. పాల వ్యాను ఇదివరకు మా గుమ్మాల దాకా వచ్చేది. ఇప్పుడు అవతలి ఒడ్డున ఆగి హారన్ కొడుతుంది. పాలమీద బతికే పన్నెండు గడపలం, డబ్బాలు మోసుకుని వాగులోకి దిగి, రాళ్ల మీద కాలు తడుముకుంటూ ఎక్కుతున్నాం. వాగు ఎండి ఉన్నన్నాళ్లూ ఒళ్లు నొప్పులతో పోతుంది. నీళ్లొస్తే మాత్రం పాలు ఇవతలే. కల్వర్టు కూలిందని గేదె పాలు చేపడం మానదు కదా! పొద్దున పితికిన పాలు సాయంత్రం దాకా మన మాట విని కూర్చోవు కదా!

అర్జీ పెట్టాం. అది తిరిగి తిరిగి ఎవరి బల్ల మీదికి చేరిందనుకున్నారు? మా బావమరిది బల్ల మీదికే! పడితే అలాంటి అదృష్టమే పట్టాలి.

వారం తిరక్కుండా ఫోను.

“బావా, కల్వర్టు ఫొటోలు పంపించు. ఒక్కటి చాలదు. కిందికి దిగి, పైకి చూస్తూ తీయించు. చువ్వలు బయటపడ్డచోట దగ్గరగా రావాలి.”

పంపాను.

“పొద్దుటెండలో ఒకటి, సాయంత్రపుటెండలో ఒకటి కావాలి బావా. నీడలు తెలియాలి.”

అవీ పంపాను. కూలిన కల్వర్టుకు పొద్దుటి నీడ, సాయంత్రం నీడ చూసే ఇంజనీరు మీకెక్కడైనా తగిలాడా?

ఆ తర్వాత ఆదివారం తనే వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు. బీటల లోతును దారంతో కొలిచాడు. మోకాళ్ల మీద కూర్చుని, నాచును చిన్న డబ్బాలోకి గీరుకున్నాడు. నాలుగు సీసాల్లో నాలుగు రకాల మట్టి నింపుకున్నాడు. మా పక్కింటి పెద్దాయన, మర్యాదకు, ఇంజనీరు కూర్చోడానికని ఒక రాయి జరపబోయాడు.

“అయ్యయ్యో, ముట్టుకోకండి! ఎక్కడ పడ్డది అక్కడే ఉండాలి!” అని కేకేశాడు మా బావమరిది.

“మీ బావమరిది మహా పనిమంతుడోయ్,” అన్నాడు పెద్దాయన నా చెవిలో. “మట్టి పరీక్ష కూడా చేయిస్తున్నాడు. వానల్లోపల లేచి నిలబడుతుంది చూడు.”

నేను తల ఊపాను. కొంచెం గర్వంగానే ఊపాను, దాచడమెందుకు!

మూడు నెలలకు మళ్లీ ఫోను. “బావా, కల్వర్టు అయిపోయింది. అక్కను తీసుకుని రా!”

కల్వర్టు అయిపోయిందంటే ఎవరైనా ఎటు వెళ్తారు? మేమూ వాగు దగ్గరికే వెళ్లాం. అక్కడ రాయి కూడా కదల్లేదు. అప్పుడు పట్నం బస్సెక్కాం. కల్వర్టు భోజనాల బల్ల మీద ఉంది.

మూరెడు చెక్క మీద మా వాగంతా ఉంది! ఒరిగిన గోడ, బయటపడ్డ చువ్వలు, పగుళ్లలో నాచు, నేను రోజూ తొక్కే ఆ మట్టే, ఆ రంగే. అసలుదానికి ముప్పై అయిదో వంతు కొలతట. మా కష్టం కూడా అంతే నిష్పత్తిలో తగ్గినట్టు అనిపించింది ఒక్క క్షణం.

కానీ రోజుకు నాలుగుసార్లు దాటేవాణ్ణి. కన్ను ఊరుకోదు.

“తుప్పు నీళ్లు కిందికి కారతాయి. నువ్వు పక్కకు కార్చావు,” అన్నాను. “గరిక ఎండవైపు మొలుస్తుంది, నువ్వు నీడవైపు పెట్టావు. వరద గీత ఆ చువ్వకు కాదు, దానిపై చువ్వకు ఉంటుంది.”

మా బావమరిది కళ్లు మెరిశాయి. “నువ్వు మామూలువాడివి కాదు బావా!” అంటూ, భూతద్దం తలకు తగిలించుకుని, నిలబడ్డపాటున గరిక పీకి అటు నాటాడు. తుప్పు తుడిచి కిందికి కార్చాడు. వరద గీత పైకెక్కించాడు. చూశారా! నా అర్జీకి ఏడాదిగా కదలని చెయ్యి, నా మాటకు పది నిమిషాల్లో కదిలింది.

మా ఆవిడ మాత్రం బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

“బాగుందిరా తమ్ముడూ. అసలుది ఎప్పుడు కడతావు?”

“అక్కా, నువ్వు మరీను! ఇంత చిన్నదానికే మూడు నెలలు పట్టింది. అసలుది దీనికి ముప్పై అయిదింతలు. నువ్వే లెక్కేసుకో!”

“వేశాలే. ఎనిమిదేళ్ల తొమ్మిది నెలలు. గేదెలకి ఈత వచ్చు, మాకు నేర్పించేసెయ్, ఇక కల్వర్టుతో పనే ఉండదు.”

లోపల్నుంచి మా చెల్లెమ్మ నవ్వింది. ఆ ఇంట్లో చాలాకాలానికి వినబడిన చప్పుడు అదే. బల్ల అదిరిందేమోనని ఆయన ముందు బల్లనే చూసుకున్నాడు.

ఆ బొమ్మకు పోటీలో ఫస్టు ప్రైజు వచ్చింది. శిథిలం కళ్లకు కట్టిందని జడ్జీలు మెచ్చుకున్నారట. ఒక్కసారి ఆలోచించండి! తొందరపడి ఎవరైనా కల్వర్టు బాగుచేసి ఉంటే, ఇంత కళ పుట్టేదా? మా ఊళ్లో బీటలువారిన బడి గోడ ఉంది, వంగిన కరెంటు స్తంభం ఉంది. వాటినీ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పేశాను. ఏ కళాకారుడు ఎప్పుడొస్తాడో!

తర్వాతి పోటీకి ఆయన బాగుచేసిన కల్వర్టు చేశాడు. అదే వాగు, అదే మట్టి, ఒడ్డున నేను చెప్పిన ఎత్తులోనే వరద గీత. కొత్త గోడలు, వాటికి పసుపూ నలుపూ చారలు. నడిమధ్య పాల వ్యాను. దాని ముందు రెండు డబ్బాలతో దాటుతున్న ఒక మనిషి. ఆ మనిషి నేనే! నా ఎడమ భుజం కాస్త వాలి ఉంటుంది. అదీ వదల్లేదు. బొమ్మను మేడమీదికి మోసి, మంచి ఎండలో, వెనక నిజం ఆకాశం పడేలా, కెమెరా నేలకు ఆనించి ఫొటో తీశాడు. ఆ ఫొటో చూసి అది బల్లమీది వంతెనని చెప్పగలిగేవాడు పుట్టలేదు.

అక్కడే వచ్చింది చిక్కు.

పోటీ కోసం ఆయన సెలవు పెట్టాడు. ఆ వారమే, మూలపడ్డ అర్జీలన్నీ ఫొటోలతో సహా తేల్చేయాలని పైనుంచి హుకుం. మా బావమరిది తన ఫొటోను ముచ్చటగా ఆఫీసు గ్రూపులో పెట్టి ఉన్నాడు. గుమాస్తా దాన్ని అర్జీ ఫైల్లోని ఫొటోలతో పోల్చి చూశాడు. ఊరు సరిపోయింది, వాగు సరిపోయింది, వరద గీతతో సహా సరిపోయింది. ఫొటో ఫైలుకు తగిలించి, ‘పని పూర్తయినది’ అని ముద్ర గుద్దాడు. మా ఇంటికి ఉత్తరం వచ్చింది.

నేను ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మంచివాడే. కుర్చీ చూపించాడు, కంప్యూటర్ తెర నావైపు తిప్పాడు.

“ఇది మీ కల్వర్టేనా పెద్దాయనా?”

“మాదే.”

“బాగుందా?”

“బాగుంది.”

“మరి ఇంకేం?”

“అది బొమ్మ బాబూ.”

గుమాస్తా నవ్వాడు. ఫొటోను పెద్దది చేశాడు. తెరకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూశాడు.

“ఈ డబ్బాలు పట్టుకుని దాటుతున్నది ఎవరండీ? భుజం కూడా అలాగే ఉంది! మీరు హాయిగా దాటుతూ, మళ్లీ మీరే వచ్చి కల్వర్టు లేదంటారేంటి?”

తుప్పు ఎటు కారుతుందో చెప్పింది నేను. గీత ఎక్కడ పడుతుందో చెప్పింది నేను. నా అర్జీని నా చేత్తోనే మూయించాను.

బావమరిది దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన కుంచె కింద పెట్టేశాడు. మొహం వెలిగిపోయింది.

“నిజంగానా బావా? ఆఫీసులో అందరూ అసలుదే అనుకున్నారా? పెద్దసారు కూడా? దీన్ని మించిన ప్రైజు ఏముంటుంది చెప్పు!”

“నా పాలు ఎలా దాటాలిరా?”

అప్పుడు కొంచెం తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. నిజంగానే బాధపడ్డాడు.

“ఫైలు తిరిగి తెరవాలంటే, కట్టిన కల్వర్టు కూలిపోయిందని రాయాలి బావా. కట్టిన నెలకే కూలిందంటే ఎంక్వయిరీ వేస్తారు. ఎంక్వయిరీ అంటే నామీదే. అసలు కట్టనేలేదని రాద్దామంటే, ఫొటో ఉందాయె. కొన్నాళ్లు ఆగు. పాతబడ్డాక రిపేరు కింద పెడదాం.”

లోపల్నుంచి మా చెల్లెమ్మ, ఈసారి పైకే అంది: “పాతబడేలా రంగు వేయడం మీకు వచ్చు కదండీ! ఈ పూటే వేసెయ్యండి!”

నేను ఊరి బస్సెక్కి వచ్చేశాను. పాఠకులారా, నేను ఎవరినీ తప్పుపట్టను. కూలని కల్వర్టు, ఒరగని గోడ, వరదకు చెక్కు చెదరని పసుపు చారలు! ఇలాంటి పని మన వాడల్లో ఎప్పుడైనా జరిగిందా? అది ఆఫీసులో భద్రంగా ఉంది. పైగా దాని మీద నేను రోజూ దాటుతున్నాను. ఎవరు డ్యూటీలో ఉన్నా, ఏ అధికారి వచ్చి చూసినా, దాటుతూనే ఉంటాను.

మొన్న మధ్యాహ్నం పైన ఎక్కడో వాన పడింది. నాలుగింటికల్లా వాగు వచ్చింది. రాళ్లు మునిగాయి. ఒరిగిన సగం గోడ కూడా మా కళ్లముందే కొట్టుకుపోయింది. పన్నెండు గడపల పాలూ డబ్బాల్లో ఇవతలి ఒడ్డున ఉన్నాయి. అవతల వ్యాను హారన్ కొడుతోంది. మా ఆవిడ నాకేసి చూసింది. అందరూ నాకేసే చూశారు, ఇంజనీరు బావను కదా!

జేబులోంచి ఫోను తీసి, ఆ గుమాస్తాకు చేశాను.

“బాబూ, వాగొచ్చింది. మా కల్వర్టు ఫైలు కాస్త తెరిచి బల్ల మీద పెట్టండి. పాలు దాటించుకుంటాం.”