తీగలు కాస్త కిందికి

ఆ ఆదివారం భార్య ఇహ్సాన్ సీదీ బిష్ర్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళగానే ఆమె గిటార్ బాగు చేయించి, తిరిగొచ్చేలోపు మళ్ళీ బీరువా మీద పెట్టేయాలని మిద్‌హత్ పథకం. తీగలు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోతున్నాయంటూ ఆమె వాయించడం మానేసి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచి ఆ ఇంట్లో సాయంత్రాలు ఉప్పులేని చిక్కుడుగింజల ఫూల్‌లా చప్పబడిపోయాయి.

అలెగ్జాండ్రియా అత్తారీన్ వీధిలో మిద్‌హత్‌ది ఇస్త్రీ దుకాణం. ఎవరి కంటా పడకుండా గిటార్‌ను గిరాకీ వాళ్ళ దుప్పట్లో చుట్టాడు. సరిగ్గా ఎదురింటి ఉమ్ షాకిర్ కంట్లోనే పడ్డాడు. దుప్పటి చుట్టి పట్టుకుపోయేది అమ్ముకోవడానికి కాక మరెందుకని ఆవిడ అక్కడికక్కడే ఇహ్సాన్‌కు ఫోన్ కొట్టి, వాద్యాల కొట్టు వైపే వెళ్ళాడని కూడా చెప్పింది.

ఊద్ అనే తీగవాద్యాలు చేసే బర్సూమ్ గిటార్‌ను తిప్పి తిప్పి చూశాడు.

"ఉస్తా, తీగలు కాస్త కిందికి దించండి. మా ఆవిడ వేళ్ళు నొప్పెట్టకూడదు, అంతే."

"ఈ మాత్రానికేనా? మధ్యాహ్నం దాటాక రా, పో."

బర్సూమ్ తీగలు ఆనే ఎముక పట్టీని అరగదీశాడు. చెయ్యి కాస్త ఎక్కువే ఆడింది. మెడ మీది ఇనప మెట్లలో నాలుగోదాని మీద నొక్కితే తీగ అయిదో మెట్టుకు తగిలి కందిరీగలా బుయ్యిమంది. అయిదోదాన్ని ఆకురాయితో రుద్దాడు. దాని మీద నొక్కితే ఆరోది అందుకుంది. ఆరోదాన్ని రుద్దితే ఏడోది. నలభై ఏళ్ళ పనితనానికి రోషం వచ్చింది. పట్టకారు తీసుకుని మెట్లన్నీ పీకేసి, గాట్లు పూడ్చి, అద్దంలా నున్నగా చేసిపెట్టాడు.

"మెట్లేవి ఉస్తా?" మధ్యాహ్నం దాటాక వచ్చిన మిద్‌హత్ గిటార్‌ను వెలుతురుకు తిప్పి చూశాడు.

"వేళ్ళను కోసేవి ఆ ఇనప ముక్కలే కదయ్యా! మా ఊద్‌కు ఒక్కటుందా? తడిమి చూడు, వెన్న!"

అప్పుడే ఇహ్సాన్ రొప్పుతూ లోపలికొచ్చింది.

"ఎంతకి అమ్మావయ్యా?"

"అమ్మడమేంటే! వేళ్ళు నొప్పన్నావుగా. బాగు చేయిస్తే మళ్ళీ వాయిస్తావని..." మిద్‌హత్ గోడవైపు తిరిగాడు.

ఇహ్సాన్ ఆ బోడి మెడను చాలాసేపు నిమిరింది.

"నా వేళ్ళకేం రాలేదు. పొద్దస్తమానం ఇస్త్రీపెట్టె ముందు నిలబడి వస్తావు. నేను తీగ ముడితే చాలు, తూగుతూనే ఎదురుగా కూర్చుంటావు. పడుకోమంటే పడుకోవు. అందుకే అబద్ధమాడాను."

"నేనెప్పుడూ తూగలేదు."

"గురక కూడా పెట్టావు!"

"ఆ ఇనప ముక్కలు మళ్ళీ కొట్టమంటారా?" అన్నాడు బర్సూమ్, ఏ వైపు చూడాలో తెలియక.

"వద్దు ఉస్తా. తీగలు నిజంగానే మెత్తగా ఉన్నాయి." ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఒక తీగ మీద వేలు జార్చింది. తోక తొక్కిన పిల్లి అరిచినట్టయింది. మిద్‌హత్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

ఇహ్సాన్ ఇప్పుడు రోజూ సాయంత్రం స్వరాల కోసం వెతుకుతోంది; మిద్‌హత్ కళ్ళు ఇంతింత చేసుకుని వింటున్నాడు, ఆ మోతకు కునుకు పట్టే దారి లేదు.