చక్రవర్తి ముఖం, దొరగారి బూటు

1935లో చక్రవర్తిగారి పాలనకు పాతికేళ్లు నిండిన శుభసందర్భాన ఏలూరు రాజభక్త సంఘం ఒక చరిత్రాత్మక తీర్మానం చేసింది. ఉత్సవానికి విచ్చేసే పెద్ద దొరగారి పాదాల కింద పరచడానికి ప్రభువుల ముఖచిత్రంతో ఒక తివాచీ నేయించాలి. పదిహేడుగురు సభ్యులూ చప్పట్లు కొట్టారు. పాదాలకూ ముఖానికీ మధ్య ఉన్న చిన్న చిక్కు ఒక్కరికీ తట్టలేదు. వారి భక్తి అంత గాఢమైనది.

పని తివాచీలు నేసే దాదాపీర్‌కి అప్పగించారు. నలభై ఏళ్లుగా పువ్వులూ తీగలూ తప్ప మనిషి ముఖం నేసి ఎరగడాయన. ఫొటో ఎదుట పెట్టుకుని నాలుగు నెలలు ముడి మీద ముడి వేశాడు. గడ్డం దగ్గర తలప్రాణం తోకకొచ్చింది. చివరికి భార్య మరియంబీ మగ్గం మీది ముఖం వంక చూసి, ఈ ప్రభువుల ఎదుట అన్నం తినాలంటే సిగ్గుగా ఉందంది. దాదాపీర్ జన్మలో అంత పొంగిపోలేదు.

ఇక ఉన్ని కత్తిరించి సమం చేయాలి. కత్తెర తీయగానే సంఘాధ్యక్షులు శ్రీనివాసరావుగారు చెయ్యి పట్టుకున్నారు. ప్రభువుల మెడ దగ్గర కత్తెరా? మూడు రోజులు చర్చించి, ఒక కానిస్టేబుల్ సమక్షంలో, సభ్యులు నిలబడి రాజగీతం పాడుతుండగా కత్తిరించవచ్చని అనుమతించారు.

అప్పుడు దాదాపీర్ మెల్లగా అడిగాడు.

"అయ్యా, మరి దీన్ని తొక్కేదెవరండీ?"

సంఘం తెల్లబోయింది. తొక్కితే రాజద్రోహం, పరచకపోతే తీర్మానభంగం. సాయంత్రానికి రెండో తీర్మానం వచ్చింది: తివాచీ పరుస్తారు, దొరగారు పొరపాటున తొక్కితే నేరం నేసినవాడిది. మరియంబీ ఏడుస్తూ జైలుకి రెండు జతల బట్టలు మూటగట్టింది.

ఆ రోజు దొరగారు కొల్లేట్లో పక్షుల వేట ముగించుకుని తిన్నగా సభకే వచ్చారు. ప్రభువుల చెంప మీద కాలు మోపి, బురద రాలేలా రెండుసార్లు బూటు దులిపి, కుర్చీలో కూర్చుని సోడా తాగి వెళ్లిపోయారు. కిందికి చూడనే లేదు. సంకెళ్ల కోసం చాచిన దాదాపీర్ చేతులు అలాగే ఉండిపోయాయి.

పాపం, ఆయన తడిగుడ్డ తెచ్చి బురద తుడవబోయాడు.

"ఆగవయ్యా," అన్నారు శ్రీనివాసరావుగారు. "అది దొరగారి పాదముద్ర."

"కింద ప్రభువుల ముఖమండీ..."

"ప్రభువులు లండన్‌లో ఉన్నారు. దొరగారు మనూళ్లోనే, బంగళాలో ఉన్నారు."

తివాచీని సంఘం హాల్లో పెట్టి, బురద గుర్తుకి బంతిపూల దండ వేశారు. చూడ్డానికి తాడేపల్లిగూడెం నుంచి రైలెక్కి జనం వచ్చారు. నేసిందెవరని ఎవరైనా అడుగుతారేమోనని దాదాపీర్ రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అందరూ అడిగింది ఒక్కటే, ఆ బూటు సైజెంతని.

మూడో రోజుకి, అడక్కుండానే ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

"తొమ్మిదో నంబరండీ."